పాత పడవ కింది దోమ

ఆ దోమను నేను మొదట చూసింది ఎన్నూరులో, బోర్లా వేసిన ఒక పాత కొయ్య పడవ అడుగున. రెండు వారాలుగా పట్టిన ముసురు ఆ ఆదివారం పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. తిరువొత్తియూరులో రైలెక్కి ఎన్నూరులో దిగి, లారీలు చిమ్మే బురద తప్పించుకుంటూ ఉప్పుటేటి గట్టు దాకా నడిచాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఒకప్పుడు ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పీతల్నీ నత్తల్నీ చూపించేదాన్ని. తర్వాత కాలేజీవాళ్ళు ఆ ప్రయాణాలు మాన్పించారు. నేను మానలేదు. ఆదివారాలు ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. వెళ్ళడానికి నాకు వేరే చోటు లేదని చెబితే ఇంకా నిజం.

పడవ పలకలు వానకు నాని మెత్తబడ్డాయి. వాటి అంచున అరచేయంత తెల్లటి పుట్టగొడుగులు పక్కకి మొలిచి ఉన్నాయి, చెట్ల మానుల మీద మొలిచే గట్టి రకం. మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాని అడుగున చూశాను. సన్నటి జిగురు దారాలు అల్లి ఉన్నాయి. వాటి మీద గాజులాంటి పురుగులు రెండు మెల్లగా జారుతున్నాయి. పక్కనే పలక నీడలో ఒక దోమ వాలి ఉంది. గూని వీపు, పొడుగాటి కాళ్ళు, రెక్కల కొసన పొగచూరినట్టు ఒక మచ్చ. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో.

దోమ అంటున్నాను గానీ అది కుట్టే దోమ కాదు. పూలకుండీలో నీళ్ళెక్కువైతే మట్టి మీద నల్లటి చిన్న ఈగలు ముసురుతాయే, వాటికి దూరపు చుట్టం. ఇవి బూజుల మీదా పుట్టగొడుగుల మీదా పెరుగుతాయి. మనిషికి మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. అందుకేనేమో వాటికి నేనెరిగిన తెలుగులో పేరు లేదు, అరవంలోనూ లేదు. నేను బూజుదోమ అనుకునేదాన్ని. పరిశోధన చేసే రోజుల్లో మా గైడు ఒకరికి తేనెటీగలు, ఇంకొకరికి సీతాకోకచిలుకలు పంచి, ఎవరూ అడగని వీటిని నాకిచ్చారు. అప్పటినుంచీ వీటితోనే ఉన్నాను. మన ఊళ్ళ చుట్టుపక్కల తిరిగే రకాలన్నీ నాకు చూడగానే తెలుస్తాయి. రెక్క మీద అలాంటి మచ్చ ఉన్నదాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

గాజు గొట్టంతో దాన్ని మూసి పట్టుకుని, తోక కొస చూసి, "అబ్బ, ఆడదే" అని గొణుక్కున్నాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి పైకి మాట్లాడుకోవడం అలవాటవుతుంది.

"ఆడ ఏం ఎతకతా ఉండావు మా?" అని వెనకనుంచి వినిపించింది.

చేతిలో చీపురుతో ఒక ముసలావిడ నిలబడి ఉంది. నేను తెలుగులో గొణగడం విన్నట్టుంది.

"దోమలవ్వా."

"దోమలు మా ఇంట్లోనే శానా ఉండాయే. పడవ కింద దూరల్నా?"

"ఇది వేరే దోమ. కుట్టదు."

ఆవిడ నమ్మలేదు. నా సంచి వైపు చూసింది. "కంపెనీ ఆఫీసరా నువ్వు? గోడ కట్టేదానికి కొలతలు తీస్తా ఉండావా?"

"కాదవ్వా. కాలేజీలో పాఠాలు చెప్తా."

"టీచరమ్మా. సరి, చూసుకో. పడవకి మేకులుండాయి, చెయ్యి గీరుకునేవు."

అలా మొదలైంది మా పరిచయం. అవ్వ పులికాటు వైపు నుంచి కోడలిగా ఆ ఊరు వచ్చింది. ఆ పడవ ఆమె భర్తది. ఆయన పోయాక ఎవరూ దాన్ని నీళ్ళలోకి తొయ్యలేదు. కొడుకులు ఫైబరు పడవలకు మారారు. నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ చేపలు కోసుకుంటూ కాసేపు కూర్చునేది. నేను పడవ కింద ఉండేదాన్ని. గంటసేపట్లో నాలుగు మాటలు అనుకుంటే ఎక్కువ. అయినా వారమంతటిలో నేను తెలుగు మాట్లాడే చోటు అదొక్కటే.

మాది జార్జి టౌన్. తాతల కాలం నుంచీ అక్కడే పసుపు, మిరపకాయల టోకు కొట్టు, వెనకే ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు, దాని వెనక పెద్ద కథేమీ లేదు. సంబంధాలు వస్తూ వస్తూ ఒకనాటికి ఆగిపోయాయి. అమ్మ పోయాక ఇంట్లో నా గదిలోకి మిరపకాయల మూటలు వచ్చాయి. ఎవరూ నన్ను పొమ్మనలేదు. నేనే తిరువొత్తియూరులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. తమ్ముడు నాతో తెలుగే మాట్లాడతాడు గానీ వాడి పిల్లలు అరవంలోకి దిగిపోతారు. నాతో మాట్లాడేటప్పుడు తెలుగు మాట కోసం వెతుక్కుని, దొరక్క, నవ్వేసి ఊరుకుంటారు.

ఆ వానాకాలమంతా నాకు ఆడదోమలే దొరికాయి. తొమ్మిది. ఈ దోమల్లో ఒక రకాన్ని ఇంకో రకం నుంచి విడదీసి చెప్పాలంటే మగది ఉండాలి. మగదాని తోక కొసన ఆడదాన్ని పట్టుకోవడానికి చిన్న పట్టకారు లాంటిది ఉంటుంది. ఒక్కో జాతికి ఒక్కో తీరు. ఆడవాటిని పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, చెప్పలేం. విదేశంలో ఒక పెద్దాయన జీవితమంతా ఈ దోమల మీదే పని చేశాడు. ఆయనకు ఫొటోలు పంపాను. మర్నాడే జవాబొచ్చింది. రెండే వాక్యాలు. రెక్క మీది మచ్చ ఆసక్తిగా ఉందట. మగది దొరికితే రాయమన్నాడు.

రెండో వానాకాలంలో పురుగుల్నే ఇంటికి తెచ్చి పెంచడం మొదలుపెట్టాను. పుట్టగొడుగు ముక్కలు ప్లాస్టిక్ డబ్బాల్లో, అడుగున తడి దూది, పైన పల్చటి గుడ్డ. డబ్బాలు వంటగట్టు కింద చల్లగా ఉండే చోట పెట్టాను. తడి ఎక్కువైతే బూజు పట్టి చచ్చేవి, తక్కువైతే ఎండి చచ్చేవి. పొద్దున కాలేజీకి వెళ్ళేముందు ఒకసారి, రాగానే ఒకసారి చూసుకునేదాన్ని. చివరికి ఆరు పురుగులు దారాల్లో వేలాడుతూ గూడు కట్టాయి. అక్కడి నుంచి ఐదారు రోజుల్లో రెక్కలతో బయటికి రావాలి.

ఆ రోజుల్లోనే తమ్ముడు వచ్చాడు. పెద్దకొడుక్కి సంబంధం కుదిరింది, నిశ్చితార్థానికి పిలవడానికి. పళ్ళెంలో పసుపు కుంకుమా పళ్ళూ పెట్టి ఇచ్చి, నీళ్ళు తాగడానికి వంటగదిలోకి వచ్చి ఆగిపోయాడు.

"ఏందక్కా ఇది? ఇడ్లీపిండి డబ్బాల్లో పురుగులు పెట్టుకుని ఉండావే."

"కొత్త రకంరా. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదనుకుంటా ఉండా."

"సరి, పేరు పెట్టుకో. ఆదివారం పొద్దున తొమ్మిదికంతా వచ్చెయ్. అమ్మ లేదు. పెద్ద దిక్కుగా నువ్వే తాంబూలం అందుకోవాల."

వస్తానన్నాను. చీర కూడా తీసి పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం చూస్తే గూళ్ళు నల్లబడ్డాయి. అంటే మర్నాడు బయటికి రావాలి. ఈ దోమలు బయటికి వచ్చాక ఎక్కువ సేపు ఆగవు. ఆ చిన్న డబ్బాలో తడి దూదికి అంటుకుంటే కాళ్ళు విరుగుతాయి, రెక్క పాడవుతుంది, పట్టకారు ముడుచుకుపోతుంది. మగది ఒక్కటే ఉండి అదీ పాడైతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ మాట తమ్ముడికి ఫోనులో చెప్పాలని రెండుసార్లు నంబరు తీశాను. ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి చీర కట్టుకున్నాను. ఎనిమిదింటికి డబ్బా ముందు కూర్చున్నాను. తొమ్మిది దాటింది. ఫోను మోగింది, మోగుతూ ఉండగానే మొదటి దోమ గూటిని చీల్చుకుని బయటికి వచ్చింది. ఆడది. ఫోను ఆగి మళ్ళీ మోగింది. తీయలేదు.

ఇన్నాళ్ళకు నిజం చెప్పుకోవచ్చు. దోమ ఒక్కటే కారణం కాదు. పదిన్నరకు వెళ్ళినా నన్నెవరూ తప్పు పట్టేవారు కాదు. వెళితే వరసగా అందరూ వచ్చి, ఒక్కదానివే ఎట్టా ఉండావు, వంట చేసుకుంటావా, ఇంకా ఎన్నేళ్ళు సర్వీసు అని అడుగుతారు. నేను నవ్వుతూ చెప్పాలి. ఆ నవ్వు నాకు బరువు. డబ్బా ముందు కూర్చోవడం తేలిక.

పదకొండున్నరకు మగది వచ్చింది. బయటపడగానే దారం పట్టుకుని తలకిందులుగా వేలాడింది. రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి, కొసన ఆ మచ్చ తేలింది. తోక చివర పట్టకారు తెరుచుకుని మూసుకుంది. రెక్కలు ఆరే దాకా ఆగి, స్పిరిట్ సీసాలోకి దించాను. మూత పెట్టి తేదీ రాసి అంటించాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోను తీస్తే తమ్ముడి నంబరు నుంచి ఏడుసార్లు వచ్చిన పిలుపులు కనిపించాయి.

చేశాను. వెనక మేళం, జనం గోల.

"యాడున్నావక్కా?"

"ఇంట్లో. ఒంట్లో బాగలేదురా."

"అందరూ అడిగినారు. నీ పీట మీద నా పెళ్ళాం వాళ్ళ అత్తని కూర్చోబెట్టేస్తిమి" అన్నాడు. అంతే. నా ఒంటి సంగతి అడగలేదు. నేను చెప్పింది అబద్ధమని వాడికి తెలుసు. ఆ తర్వాత చాలా నెలలు వాడి దగ్గర్నుంచి ఫోను రాలేదు. పెళ్ళికి శుభలేఖ కొరియరులో వచ్చింది. వెళ్ళాను, వెనక వరసలో కూర్చుని అక్షింతలు వేసి వచ్చాను.

కాలేజీ ప్రయోగశాలకు ఐదింటికి తాళం వేస్తారు. క్లాసులయ్యాక ఆ గంటసేపే నా సొంత పని. దోమ తోక కొసను సూదితో వేరుచేసి, పొటాష్ నీళ్ళలో వెచ్చబెట్టి, లవంగ నూనెలో ఉంచి, గాజుపలక మీద పరిచాను. మైక్రోస్కోపులో పట్టకారు తేనె రంగులో వెలిగింది. ఒక్కో పక్కన ఐదు నల్లటి ముళ్ళు, లోపల వంగిన కొక్కెం. రోజుకి కొంచెం చొప్పున బొమ్మ గీశాను. మీసాల్లో కణుపులు లెక్కపెట్టాను, కాళ్ళ ముళ్ళు లెక్కపెట్టాను, రెక్కలోని ఈనెలు ఎక్కడ చీలాయో కొలిచాను. చిన్నప్పుడు అమ్మ నా తలలో పేలు చూసేటప్పుడు పాయ పాయ విడదీసి చూసేది. అంత దగ్గరగా నేను ఇంకో ప్రాణిని చూసింది ఇదొక్కటే.

బొమ్మ పంపితే పెద్దాయన ఈసారి పొడుగ్గా రాశాడు. దక్షిణాన ఒక ద్వీపంలో చాలాకాలం కిందట ఎవరో వర్ణించిన దోమ ఒకటి దీనికి దగ్గరగా ఉందట. అది కాదని తేలితే కొత్తదే. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు మ్యూజియంలో ఆ దోమను చూసి పెన్సిలుతో గీసుకున్న బొమ్మ కూడా జత చేశాడు. కాగితం పసుపుబారి ఉంది. ఆ బొమ్మలో ముళ్ళు మూడే. కొక్కెం లేదు. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. కొత్తదే. అయితే ఆయన చివర ఇంకో మాట రాశాడు. ఒక్క మగదాన్ని చూసి చెప్పకూడదు, అది పుట్టుకతో తేడాగా పుట్టిందేమో. ఇంకో రెండైనా కావాలి.

ఆ వచ్చిన ఆదివారమే ఎన్నూరు వెళ్ళాను. పడవ లేదు. అది ఉన్న చోట నేల మీద నల్లటి మరక, మేకులు కొన్ని. అవ్వ బయటికి వచ్చింది.

"పడవేమైందవ్వా?"

"కొట్టించేసినా. రోడ్డు మీదకొచ్చి ఉండాదని తీసెయ్యమన్నారు. ఆ కట్టెలతోనే వానల్లో నీళ్ళు కాచుకుంటిమి."

వంగి ఒక మేకు తీసుకున్నాను. మొహంలో కనబడి ఉంటుంది.

"ఎందుకు మా? నీకు కావాల్సిన పడవా అది?"

"అవునవ్వా. ఆ దోమ ఇంకెక్కడా లేదు."

"నువ్వు చెప్పలేదే" అంది ఆవిడ. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "రెండేండ్లుగా వస్తా పోతా ఉండావు. ఒక్క మాట చెప్పి ఉంటే పెట్టి ఉంటినే."

నిజమే. రెండేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. చెప్పినా ఎవరికీ పట్టదని ముందే అనుకుని నోరు మూసుకోవడం నాకు అలవాటు. ఇంటికి వచ్చిన తమ్ముడికి ఒక్క వాక్యం చెప్పి ఊరుకున్నాను, ఆదివారం ఫోనులో అదీ చెప్పలేదు. గట్టు మీద కూర్చుని ఆ రోజు అవ్వకు మొత్తం చెప్పాను. మగ దోమ సంగతి, పట్టకారు సంగతి, ద్వీపం సంగతి, నేను వెళ్ళని నిశ్చితార్థం సంగతి కూడా. ఆవిడ చేపలు కోయడం ఆపి విన్నది.

అంతా విని లేచింది. "ఉండు. కడిగే చోట ఒక పలక వేసుకుని ఉండా, జారకుండా. అదీ ఆ పడవదే."

ఇంటి వెనక తొట్టి పక్కన, ఆవిడ నిలబడి గిన్నెలు కడుక్కునే పలక. ఇద్దరం కలిసి తిరగేశాం. అడుగున తడికి తెల్లగా చిటికెనవేలి గోరంత పుట్టగొడుగులు ఐదారు మొలిచి ఉన్నాయి. వాటి కింద జిగురు దారాలు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో దారాన్నీ చూశాను.

"తీసుకుని పోతావా?" అంది.

"వద్దవ్వా. ఇక్కడే ఉంటే బతుకుతాయి. మళ్ళీ అట్లే పెడదాం."

ఆవిడ ఆ నెలంతా ఆ పలక మీద నిలబడలేదు. పక్కన రాయి వేసుకుంది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళాను, కాలేజీ అయ్యాక కూడా. నెల తిరిగేసరికి మూడు మగ దోమలు దొరికాయి. మూడింటికీ ఐదేసి ముళ్ళే. మూడింటికీ కొక్కెం ఉంది.

పేరు పెట్టే హక్కు వర్ణించినవాళ్ళది. అవ్వ పేరు పెట్టాలనుకున్నాను. అడగకుండా పెట్టడం బాగుండదని వెళ్ళి అడిగాను.

"దోమకా నా పేరు?" అంది. "వద్దులే మా. కార్పొరేషనోళ్ళు వారానికొకసారి వచ్చి పొగ కొడతా ఉండారు. నా పేరు పెట్టి కొడతారా?"

"ఇది కుట్టే దోమ కాదవ్వా."

"జనానికి అదంతా యాడ తెలుస్తాది? ఊరి పేరు పెట్టు. ఊరికి అన్నీ అలవాటే."

అలా ఊరి పేరు లాటిన్ తోక తగిలించుకుని దోమకు వచ్చింది. వ్యాసం రాయడానికి నాలుగు నెలలు పట్టింది. సరిచూసినవాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపారు. ఒకాయన నా వాక్యాల్లో కామాలు దిద్దాడు. ఇంకొకాయన ఇంత చిన్న చోటు నుంచి ఇంత తక్కువ దోమలతో సరిపోతుందా అని అడిగాడు. ఆ ఊళ్ళో ఇంకెక్కడ వెతికినా దొరకలేదని, పాత కొయ్య పడవలు ఇక లేవని రాశాను. ఆ వాక్యాన్ని అలాగే ఉంచారు. వర్ణనకు మూలమైన మగదాన్ని మ్యూజియానికి పోస్టు చేసిన రోజు, అట్టపెట్టె కౌంటరులో ఇచ్చి బయటికి వచ్చాక ఏం చెయ్యాలో తోచక పోస్టాఫీసు మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

వ్యాసం అచ్చయిన పొద్దున కాలేజీలో ప్రిన్సిపాలుకి చెప్పాను. సంతోషం, వార్షిక నివేదిక ఫారంలో నింపండి అన్నారు. స్టాఫ్ రూములో ఇద్దరు చెయ్యి కలిపారు. ఒకామె, డెంగీ దోమకు మందు కనిపెట్టారా అని అడిగింది. పెద్దాయన రాసిన ఉత్తరం మాత్రం దాచుకున్నాను. ఈ దోమలు చూసేవాళ్ళం ఇప్పుడు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమే ఉన్నాం, మీరు ఉన్నారని తెలిసి నాకు ధైర్యంగా ఉంది అని రాశాడు. చదువుతుంటే ఆయన ఇల్లు ఊహించుకున్నాను. అక్కడా ఒక గదిలో ఒక్క మనిషే ఉంటాడనిపించింది.

ఆ శనివారం ముద్రించిన కాగితాలు సంచిలో పెట్టుకుని జార్జి టౌన్ బస్సెక్కాను. చేతిబండ్ల మధ్య దారి చేసుకుని కొట్టుకు వెళ్ళేసరికి తమ్ముడు గల్లా దగ్గర ఒక్కడే ఉన్నాడు. మిరపకాయల ఘాటుకు నాకు తుమ్ములొచ్చాయి.

"ఆడ నిలబడబాక. లోపలికి రా" అన్నాడు.

కాగితాలు వాడి ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చూశాడు, నా పేరు దగ్గర వేలు పెట్టాడు. పేజీలు తిప్పి బొమ్మ దగ్గర ఆగాడు.

"దీని కోసరమేనా రాలేదు?"

"దీని కోసరమే. కొంచెం నా కోసరం కూడా. అందరూ అడిగేదానికి జవాబు చెప్పలేక."

వాడు బొమ్మ మీదే చూపు ఉంచాడు. "ఆ పొద్దే చెప్పి ఉండొచ్చు కదక్కా. ఒంట్లో బాగలేదంటివి. నేను ఎంతగా అనుకున్నానో తెలుసా, నా బిడ్డంటే నీకు ఇష్టం లేదని."

"తప్పేరా."

ఇంతలో ఇంట్లోంచి వాడి కోడలు కాఫీ తెచ్చింది. నేను వెళ్ళని నిశ్చితార్థం ఈ అమ్మాయిదే. ఆమెతో నేను అంతకుముందు పది మాటలు కూడా మాట్లాడలేదు. తమ్ముడు ఆమెకు కాగితం చూపించి, "మా అక్క కనిపెట్టింది" అని దోమ పేరు చదివాడు. లాటిన్ భాగాన్ని అరవం ఊరి పేరులా పలికాడు. నేను దిద్దలేదు. ఆ అమ్మాయి నవ్వి, "ఇది మనల్ని కుడుతుందా పెద్దత్తా?" అని అరవంలో అడిగింది. కుట్టదని చెప్పాను.

వాడు బస్టాపు దాకా వచ్చాడు. బస్సు రాగానే, "వచ్చే ఆదివారం అన్నానికి రా. దోమలు పుట్టేటట్టుంటే ముందే చెప్పు, సోమవారం పెట్టుకుందాం" అన్నాడు.

వెళ్ళాను. వత్తకుళంబు పులుసు చేశారు, అప్పడాలు వేయించారు. పిల్లలు వాళ్ళలో వాళ్ళు అరవంలో ఏదో సినిమా గురించి వాదించుకున్నారు. దోమ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తమ్ముడు నా ఆకులో రెండోసారి అన్నం వడ్డించాడు.